ఉపవాసానికి ముందు మిత్తి ముచ్చట

ప్రశ్న: వందనాలు అమ్మగారూ. మాది పరకాల దగ్గర ఊరు. మా సంఘంలో అరవై కుటుంబాల దాకా ఉంటాం. రెండేళ్ల నుంచి అపవాది (సాతాను) మా మీద గట్టిగా పని చేస్తున్నాడు. కొత్త మందిరం స్లాబు దాకా వచ్చి ఆగిపోయింది. బోరు మోటరు రెండుసార్లు కాలింది. పాస్టరు గారు బండి మీద నుంచి పడి కాలు విరిగింది. మైకు పెడుతున్నామని ఊళ్లోవాళ్లు పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చారు. సంఘం రెండు వర్గాలైంది, ఒకరికొకరు వందనాలు కూడా చెప్పుకోవడం లేదు. ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి కూడా వాళ్లు వెళ్లి వచ్చాక మేం పోతున్నాం. మా బావగారు సంఘ సెక్రటరీ. ఆయనకూ అవతలి వర్గంలో ఒక కుటుంబానికీ మిత్తి (వడ్డీ) పైసల దగ్గర మాట పట్టింపు ఉంది కానీ అది వేరే సంగతి. మొన్న కూటాలకు బయటి నుంచి వచ్చిన దైవజనుడు ఒకాయన, ఈ సంఘం మీద విభజన ఆత్మ ఉంది, అది ఫలానా ఇంటి వాకిట్లో నుంచి వచ్చింది అన్నారు. ఆయన చెప్పిన ఇల్లు ఆ కుటుంబానిదే. మా తోడికోడలి కొడుక్కి ఫిట్స్ రావడం కూడా అందుకేనట. అప్పటి నుంచి శుక్రవారం రాత్రి పన్నెండు గంటలకు మా ప్రార్థన బృందం ఆ ఇంటి చుట్టూ తిరిగి, నూనె చల్లి, ఆ ఆత్మను బంధిస్తున్నామని ప్రార్థిస్తోంది. 21 రోజుల ఉపవాసం అయిపోయింది, ఇప్పుడు 40 రోజులు అంటున్నారు. నాకు మాత్రం లోపల సమాధానం, నెమ్మది లేదు. 40 రోజులు కూర్చోవాలా, లేక వేరే సంఘానికి మారిపోవాలా?
— ఒక సహోదరి

సమాధానం: వందనాలు బిడ్డా. నువ్వు రాసింది నాలుగు పేజీలు, పైన వేసింది దాని సారం. నీ గుర్తు తెలియకూడదని కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. నాలుగు పేజీల్లో అపవాది పేరు పదకొండు చోట్ల ఉంది, పెన్సిలుతో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. మిత్తి అన్న మాట మాత్రం ఒక్కసారే వచ్చింది, అదీ "వేరే సంగతి" అంటూ. ఇంకొకటి కూడా చూశాను. చివరి పేజీ వెనక, వేరే పెన్నుతో, చిన్న లెక్క ఉంది. అసలు 80,000. నూటికి మూడు రూపాయలు. నెలకు 2,400. మూడేళ్లకు 86,400. కింద రెండు గీతలు. ఆ లెక్క వేసింది నువ్వే అయితే నీకు లోపల సమాధానం ఎందుకు లేదో నేను చెప్పక్కర్లేదు.

ముందు చిన్నవి తీసేద్దాం. ఎండాకాలం నీళ్లు దిగిపోయాక మోటరు నడిపితే కాలుతుంది, కరెంటు సరిగా రాకపోయినా కాలుతుంది, అది పక్క పొలంవాడికీ కాలుతుంది. మైకు సంగతి: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000వ సంవత్సరం నుంచి నిబంధన ఉంది, గుడికైనా మసీదుకైనా మందిరానికైనా అదే. ఆల్ నైట్ ప్రేయర్ పెట్టుకోండి, తలుపులు వేసుకుని మైకు లేకుండా పెట్టుకోండి. పరీక్షలకు చదువుకునే పిల్ల ఇంట్లో ఉన్న తండ్రి కాగితం ఇస్తే దాన్ని చీకటి శక్తుల దాడి అనుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

పిల్లవాడి విషయం మాత్రం చిన్నది కాదు. ఫిట్స్‌కు మందులు వాడుతున్నారో లేదో నువ్వు రాయలేదు. వాడుతుంటే ఒక్క పూట కూడా ఆపొద్దు, ఉన్నపళంగా ఆపితే ఇంకా ఎక్కువవుతాయి. వాడకపోతే రేపే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపొమ్మని మీ తోడికోడలికి చెప్పు. దారిలో ప్రార్థన చేసుకుంటూ పొండి, ఎవరూ వద్దనరు.

ఇక ఆ ఇంటి చుట్టూ తిరగడం. ఇది ఈ శుక్రవారం నుంచే ఆగాలి. నీ చేతిలో ఆపే బలం లేకపోతే నువ్వైనా పోవద్దు. "ఫలానా ఇంట్లో నుంచి శక్తి వచ్చింది, దానివల్లే పిల్లవాడికి రోగం" అన్న మాట మన ఊళ్లలో కొత్తది కాదు. దానికి మన దగ్గర ఇంకో పేరుంది, మంత్రాల నెపం. బాణామతి చేశారన్న అనుమానం మీద మనుషుల్ని కట్టేసి కొట్టిన, చంపిన వార్తలు ఈ ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నిసార్లు చదివామో నీకూ తెలుసు. బైబిలు చేతిలో పట్టుకుని చెప్పినంత మాత్రాన ఆ మాట మారిపోదు. అర్ధరాత్రి పది మంది మీ ఇంటి చుట్టూ నూనె చల్లుకుంటూ తిరుగుతుంటే మీ పిల్లలు లోపల ఎట్లా పడుకుంటారో ఒక్కసారి ఊహించుకో. ఆ ఇంట్లోనూ పిల్లలున్నారని నువ్వే రాశావు.

అపవాది లేడని నేను అనడం లేదు బిడ్డా. పాస్టరమ్మగా ముప్ఫై ఒక్క ఏళ్లు నాలుగు ఊళ్లలో ఉన్నాను, వాడి పని నేను చూడకపోలేదు. కానీ ఎక్కువగా వాడు వేపచెట్టు మీద నుంచి రాడు, మనం తెరిచి పెట్టిన తలుపులో నుంచే వస్తాడు. ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలోని సర్వాంగ కవచం మన క్యాలెండర్ల మీద కూడా ఉంటుంది, సండే స్కూల్ పిల్లలు అట్టముక్కతో డాలు, ఖడ్గం చేసుకుని వచ్చి నాటిక వేస్తారు. "మనము పోరాడునది శరీరులతో కాదు" అన్న వాక్యం నీ ఉత్తరంలోనూ ఉంది. అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు, సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదని చెప్పిన వెంటనే, "అపవాదికి చోటియ్యకుడి" అని ఉంది. ఆ చోటు ఎక్కడిదంటే, ఆరని కోపం దగ్గరిది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో పౌలు సాతాను తంత్రాలు మనకు తెలియనివి కావు అంటాడు. ఎక్కడంటాడు? ఒక తప్పు చేసిన మనిషిని క్షమించి, ఓదార్చి, మళ్లీ సంఘంలో కలుపుకోండి అని బతిమాలుతున్నచోట. మీ 21 రోజుల్లో ఈ రెండు చోట్లూ ఎవరైనా చదివారా?

ఇప్పుడు నెహెమ్యా, కూలిన యెరూషలేము గోడను తిరిగి కట్టించినవాడు. మీ దైవజనుడు కూటాల్లో నెహెమ్యా నాలుగో అధ్యాయం చెప్పాడని రాశావు. ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం, బయట గోడ పనికి అడ్డుపడే శత్రువులు సన్బల్లటు, టోబీయా. బాగుంది, మందిరం కట్టుకునే సంఘానికి తగిన భాగమే. మరి అక్కడ ఆపి నేరుగా ఆరో అధ్యాయానికి, 52 రోజుల్లో గోడ పూర్తయిన దగ్గరికి పోయాడంటే మధ్యలో ఒక అధ్యాయం దాటేశాడు. చాలామంది దాటేస్తారు, మా ఆయన కూడా దాటేసేవారు, దేవుడు ఆయన ఆత్మకు విశ్రాంతినివ్వాలి. ఐదో అధ్యాయంలో శత్రువు జాడ లేదు. అక్కడ ఏడుపు వినిపిస్తుంది. జనులూ వాళ్ల భార్యలూ తమ సహోదరులైన యూదుల మీదే మొరపెట్టుకుంటారు: కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టాం, పన్ను కట్టడానికి అప్పు చేశాం, పిల్లలు దాసులైపోతున్నారు అని. గోడ కడుతున్న చేతులే అవి. అప్పిచ్చినవాళ్లూ అదే గోడ దగ్గరున్నవాళ్లే.

వరంగల్ కోటకు వెళ్లినప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే గుర్తొస్తుంది. బయట మట్టికోట, దాని లోపల రాతికోట, చుట్టూ అగడ్త. ఎన్ని వరసలు కట్టినా లోపలున్నవాడు ఆకలితో పక్కవాడి మీద పళ్లు కొరుకుతుంటే ఆ రాళ్లు ఏం కాపాడతాయి?

నెహెమ్యా అప్పుడు ఉపవాసం ప్రకటించలేదు. ఆయన ఉపవాసం ఉండని మనిషి కాదు, మొదటి అధ్యాయంలోనే ఉన్నాడు. కానీ ఇక్కడ ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు, తర్వాత పెద్దలను మొహం మీద అడిగాడు, సభ పెట్టాడు. ఆ సభలో ఆయన మాటల్లో నాకు ఎక్కువ నచ్చేది ఒకటుంది: నేనూ నా బంధువులూ కూడా అప్పిచ్చాం అని ఒప్పుకుంటాడు. వేలు ముందు తన వైపే చూపించుకున్నాడు. తర్వాత పొలాలూ ఇళ్లూ, తీసుకున్న నూరో భాగం మిత్తీ ఈ రోజే తిరిగి ఇచ్చేయండి అన్నాడు. నూరో భాగం, అంటే నూటికి ఒకటి. మీ దగ్గర నడుస్తున్నది మూడు.

మీ బావగారు చెడ్డవాడని నేను అనడం లేదు. ఊళ్లో మూడు రూపాయలు నడుస్తోంది, ఆయన కూడా అదే రాయించుకున్నాడు. ఆ పైసల కోసం మీ తోడికోడలి మెడలో గొలుసు బ్యాంకులో పెట్టారని కూడా రాశావు, అంటే ఆయన మెడ మీదా కత్తి ఉంది. అవతలివాళ్లు బిడ్డ పెండ్లికి తీసుకున్నారు, తర్వాత రెండేళ్లు పత్తి దెబ్బతిన్నది. గులాబీ రంగు పురుగు ఒక ఏడు, ఏరే సమయానికి వాన ఒక ఏడు. తడిసిన పత్తి ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతే ఏం ధర పలుకుతుందో పరకాల వాళ్లకు నేను చెప్పాలా. అయినా వాళ్లు విడతలు విడతలుగా 46,000 కట్టారు. అదంతా మిత్తి కిందికే పోయిందని మీ బావగారంటారు, అసలులో జమ చేయాలని వాళ్లంటారు. ఇదే కదా పంచాయితీ? దీని మీదే ముందు రెండు ఇళ్లు, తర్వాత రెండు వాడలు, తర్వాత కమిటీ, తర్వాత స్లాబు ఆగిపోయింది. రెండు వాడలంటే ఏమిటో నువ్వు రాయలేదు. మన దగ్గర రాయక్కర్లేదు, చదివినవాళ్లందరికీ అర్థమవుతుంది. బాప్తిస్మం తీసుకుని రెండు తరాలైనా ఆ గీత మన మందిరాల్లో చాప మీద కూడా కనిపిస్తుంది, ఇటు ఒకరు అటు ఒకరు. దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరమంత అవుతుంది. కానీ ఒకటి చెప్తాను. అప్పు గొడవ ఒకే వాడలో జరిగి ఉంటే "విభజన ఆత్మ" అన్న పేరు వచ్చేది కాదు, అన్నదమ్ముల తగాదా అని ఊరుకునేవాళ్లు.

మనకు దగ్గర్లోనే డోర్నకల్ ఉంది. అక్కడ బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్య గారు 1912లో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. మాల, మాదిగ వాడల నుంచి వేల మంది సంఘంలోకి వచ్చిన కాలంలో ఆయన పని చేశారు. 1919లో తమిళనాడులోని ట్రాంక్వెబార్‌లో వేర్వేరు సంఘాలవాళ్లను కూర్చోబెట్టి, మనం ఒక్కటి కావాలన్న పనికి పూనుకున్నవాళ్లలో ఆయన ముందున్నారు. ఆ ఐక్యత చర్చి ఆఫ్ సౌత్ ఇండియా(సీఎస్ఐ)గా మద్రాసులో జరిగింది 1947 సెప్టెంబర్ 27న. ఆయన 1945 జనవరి 1నే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, కళ్లతో చూడలేదు. కమిటీలు కూర్చుని మాట్లాడుకుంటేనే 28 ఏళ్లు పట్టింది. మీకు రెండేళ్లకే విసుగొచ్చి సంఘం మారదామనుకుంటున్నావు. మారితే మారు, ఎవరూ ఆపరు. కానీ నీ ఉత్తరం చూస్తే ఆ పోయే సంఘంలోకి కూడా ఈ లెక్క నీతోనే వస్తుందనిపిస్తోంది.

నన్ను చూసి నేర్చుకో అని చెప్పే అర్హత నాకు లేదు, నేను చేసింది విను. రెండో ఊళ్లో ఉన్నప్పుడు స్త్రీల సమాజం ప్రెసిడెంటుతో నాకు పడలేదు. ఇంటింటా వంటప్పుడు దేవుని కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మిన పైసలతో సమాజానికి రెండు పెద్ద గంజులు, గరిటెలు కొన్నారు. పెండ్లిళ్లకు ఆమె తన వాడవాళ్లకు ఇస్తుంది, రెండో వాడవాళ్లు అడిగితే తాళంచెవి దొరకడం లేదంటుంది. నేను ఆ తాళంచెవి గుంజుకున్నాను, అందరి ముందు. ఆమె మందిరానికి రావడం మానేసింది. మూడు వారాలు నేను ఐదుగురు ఆడవాళ్లను పోగేసుకుని "ప్రభువా, శత్రువు నోరు మూయించు" అని ప్రార్థించాను. శత్రువు ఎవరో ఆ ఐదుగురికీ తెలుసు. మార్చి మొదటి శుక్రవారం, ప్రపంచ ప్రార్థన దినం, ఆ ఏడు మా మందిరంలో పెట్టుకున్నాం. బాప్టిస్టు సంఘం ఆడవాళ్లు, సీఎస్ఐ ఆడవాళ్లు అందరూ వస్తారు, వంట చేయాలి. గంజులకోసం బీరువా తీశాను. పై అరలో బియ్యం లెక్క పుస్తకం ఉంది, ఆమె చేతిరాత. ఒక్కొక్కరి పేరు ఎదురుగా నెలనెలా సోలెడు, మానెడు. నా పేరు ఎదురుగా పది నెలలు సోలెడు సోలెడు రాసి ఉంది. నేను ఇచ్చింది రెండు నెలలే. మిగతా ఎనిమిది నెలలు ఆమె తన కుండలో నుంచి తీసి నా పేరు మీద వేసింది, పాస్టరమ్మ ఇవ్వలేదని ఎవరూ అనకూడదని.

ఆ రోజు వచ్చిన ఆడవాళ్లకు ఐక్యత మీద వాక్యం చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఇంకొకరిని చెప్పమని వాళ్లింటికి పోయాను. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. కూర్చోమనలేదు. చాటలోంచి తల ఎత్తలేదు. నేను తాళంచెవి గడప మీద పెట్టి నిలబడ్డాను, చాలాసేపు. చివరికి "అమ్మగారూ, చాయ్ తాగుతరా" అంది. అంతే. ఆమె మళ్లీ మందిరానికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది, ఇద్దరం మామూలుగా మాట్లాడుకోవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. గంజుల విషయంలో ఆమె చేసింది తప్పే, ఇప్పటికీ నేను అదే అంటాను. కానీ ఆ మూడు వారాల ప్రార్థన ఎవరికి చేశానో నాకు ఇప్పటికీ అనుమానమే.

సరే, నువ్వేం చేయాలి. నువ్వు ఇంటికి చిన్న కోడలివి, బావగారితో పైసల మాట నేరుగా మాట్లాడలేవు, మాట్లాడమని నేను చెప్పను. నెహెమ్యా మూడో అధ్యాయంలో చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడ వాళ్లు బాగుచేసుకున్నారని ఉంది. నీకు ఎదురుగా ఉన్నవాళ్లు ఇద్దరే, మీ ఆయన, మీ తోడికోడలు. ముందు మీ ఆయనతో మాట్లాడు, అన్నం తిన్నాక, పిల్లలు పడుకున్నాక. లెక్క చూపించు. సాతాను మాట ఎత్తొద్దు, అన్న తప్పు చేశాడనీ అనొద్దు. "ఆ 46,000 అసలులో జమ కడితే ఇంకా 34,000 ఉంటుంది, రెండు పత్తి పంటల్లో తీరుస్తరేమో అడుగుదామా" అని అడుగు. ఆయన ఒక్కసారికి ఒప్పుకోడు. అక్కతో వేరుగా మాట్లాడు. గొలుసు విడిపించుకోవాలన్నది ఆమె బాధ, ఆ బాధ ముందు విను. వీలైతే మీరే తలా ఇంత వేసి ఆ బ్యాంకు మిత్తి మోయండి. ఉపవాసంలో నలభై రోజులు మిగిలే బియ్యం, కూర ఖర్చు లెక్కేస్తే ఎంతో కొంత వస్తుంది, నవ్వుకోకు, యెషయా 58లో ఉపవాసం గురించి ఉన్నది దాదాపు ఇదే: కలహాలాడుతూ ఉండే ఉపవాసం నాకొద్దు, కట్లు విప్పండి, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టండి అంటాడు దేవుడు.

అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీదికి వస్తే, అప్పుడు మీ బావగారే ఆ ఇంటికి పోవాలి. పిలిపించుకోకూడదు. ముందు ఒక్కడే పోవాలి, ఒప్పుకోకపోతే రెండు వాడల నుంచి ఒక్కొక్క మనిషిని, నోరు తక్కువ ఉన్నవాళ్లను, తోడు తీసుకుపోవాలి. ఇది మత్తయి 18లో ఉన్న వరసే. తప్పు ఎవరిదని ఇద్దరూ ఎదుటివాళ్ల వైపు చూపిస్తే, ఎవరికి ముందు గుర్తొస్తే వాళ్లే ముందు పోవాలి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి పొమ్మన్నప్పుడు ప్రభువు తప్పు ఎవరిదని అడగలేదు, నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని జ్ఞాపకం వస్తే అన్నాడు. అదే మత్తయి 18లో, ఈ వరస అయిపోయాక, "ఇద్దరు ముగ్గురు నా నామమున" అన్న మాట వస్తుంది. తక్కువ మంది వచ్చిన కూటంలో మనల్ని మనం ఓదార్చుకోవడానికి వాడుకుంటాం ఆ వాక్యాన్ని. అది తగాదా తీర్చుకునేవాళ్ల మధ్య నేనుంటానన్న మాట.

పాస్టరు గారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి. ఆయన ఎందుకు మాట్లాడడం లేదని నీకు కోపంగా ఉంది. నెలనెలా ఆయనకు వచ్చే కానుక సెక్రటరీ చేతి మీదుగా వస్తుంది కదా, విరిగిన కాలుతో ఇంట్లో ఉన్న మనిషి, ఆయన భయం నాకు అర్థమవుతుంది, మెచ్చుకోను. పాస్టరమ్మ గారి దగ్గరికి పో, ఈ సమాధానం చూపించు.

ప్రార్థన ఆపొద్దు. బృందాన్ని కూడా చెదరగొట్టొద్దు, శుక్రవారం పన్నెండింటికి బదులు సాయంత్రం ఏడింటికి మార్చండి, ఒక వారం ఈ వాడలో ఒక ఇంట్లో, ఒక వారం ఆ వాడలో ఒక ఇంట్లో. మొదట రమ్మంటే రారు, నువ్వే వాళ్ల ఇంట్లో కూర్చో, ముందుగా చెప్పి పో. పేర్లు పెట్టి, పేర్లు తెలిసేటట్టు చెప్పి ప్రార్థించొద్దు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో బెదిరింపులు విని వచ్చిన సంఘం ఏం అడిగిందో చూడు. బెదిరించినవాళ్లను తీసెయ్యమని అడగలేదు, ధైర్యంగా వాక్యం చెప్పనివ్వమని అడిగింది. 40 రోజులు కూర్చోవాలా అని అడిగావు. కూర్చో, కానీ మీ బావగారు ఆ ఇంటి మెట్లు ఎక్కి దిగిన మర్నాటి నుంచి లెక్కపెట్టుకో.

నీ ఉత్తరంలో చివరి పేజీ నా దగ్గర పెట్టుకోవడం లేదు. వెనక లెక్క ఉన్న కాగితం కదా, మీ ఆయనకు చూపించాల్సి వస్తుంది. కవరులో పెట్టి నీ అడ్రసుకే తిరిగి పంపిస్తున్నాను.